పది నిమిషాలకో లెక్క: “సర్వర్ డౌన్” అన్న మాట వెనక చరిత్ర

ఈ రోజు మనం మాట్లాడుకునే మాట మీరందరూ కనీసం వందసార్లు విని ఉంటారు. “సర్వర్ డౌన్.” వెంకటగిరికోటలో, అదే మన వీకోటలో, రేషన్ షాపు ముందర నిలబడినా ఇదే మాట. పుంగనూరులో మీసేవ కౌంటర్ దగ్గరా ఇదే. రిజల్ట్స్ వచ్చిన రోజు మన ఫోన్లో సైట్ తెరిచినా ఇదే.

ఒక సీన్ ఊహించుకోండి. ఉదయం పదకొండు అవుతోంది. ఒక పెద్దాయన కూలి పని మానుకుని లైన్లో నిలబడ్డాడు. వేలు మిషన్ మీద పెట్టాడు. తిరుగుతోంది, తిరుగుతోంది. “ఏమప్పా, వస్తాదా రాదా?” అని అడిగాడు. “సర్వర్ రావట్లేదు పెద్దాయనా, మధ్యాహ్నం రాండి.” మధ్యాహ్నం వెళ్తే ఒక్క నిమిషంలో పని అయిపోయింది. మరి పొద్దున ఏమైంది? డీలర్‌కి తెలీదు. పెద్దాయనకి అసలే తెలీదు. ఆయనకు తెలిసింది ఒక్కటే, ఆ రోజు కూలి పోయింది.

ఈ ఎపిసోడ్‌లో నా ప్రశ్న ఇదే. పొద్దున పదకొండుంబావుకి ఆ సర్వర్లో ఏం జరిగిందో మధ్యాహ్నం మూడింటికి ఎవరైనా చెప్పగలరా? చెప్పగలరు. కానీ ఒక్క షరతు. ఎవరో ఒకరు అంతకుముందే లెక్క రాసే ఏర్పాటు చేసి ఉండాలి. ఆ ఏర్పాటు ఎలా పుట్టింది, ఎవరు మొదలుపెట్టారు, దాన్ని మర్చిపోయిన వాళ్ళకి ఏమైంది అన్నదే ఈ రోజు కథ.

ముందు మన ఊళ్ళ నుంచి మొదలుపెడదాం. కంప్యూటర్లు రాకముందు ఊరి లెక్కలు కరణం దగ్గర ఉండేవి. ఏ సర్వే నంబర్లో ఏ పంట వేశారు, ఎంత విస్తీర్ణం, నీళ్ళు యాడ నుంచి వచ్చాయి, ఇవన్నీ అడంగల్‌లో ఎక్కించేవాడు. ఏడాదికోసారి జమాబందీలో పై అధికారులు ఆ లెక్కలు చూసేవాళ్ళు. ఇందులో ఒక కిటుకు ఉంది. అడంగల్‌ని గొడవ వచ్చినప్పుడు రాయరు. గొడవ ఉన్నా లేకున్నా ప్రతి ఏడూ రాస్తారు. అందుకే పదేళ్ల తర్వాత ఇద్దరు అన్నదమ్ములు కోర్టుకెక్కితే, పాత పుట సాక్ష్యం చెప్తుంది. తగాదా మొదలయ్యాక రాసుకొచ్చిన అడంగల్‌ని ఎవరు నమ్ముతారు చెప్పండి?

1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థను రద్దు చేశారు. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి “కార్డ్” అనే పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మన పక్కనే కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి. పల్లెల్లో కంప్యూటర్ సెంటర్లు పెట్టారు. ఆ తర్వాత 2011 నవంబర్‌లో మీసేవ మొదలైంది. అదీ మన చిత్తూరు జిల్లాలోనే. అప్పటి నుంచి అడంగల్, 1బి, సర్టిఫికెట్లు అన్నీ కౌంటర్లో ప్రింట్ తీసి ఇస్తున్నారు. మరికొన్నేళ్ళకి రేషన్ షాపుల్లోకి ఈ-పాస్ మిషన్లు వచ్చాయి.

మంచిదే. కానీ ఒక తేడా వచ్చింది చూడండి. కరణం ఇంట్లో పుస్తకం ఉందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. కరణం ఊళ్ళో లేకపోతే “పుంగనూరు పోయినాడు, సాయంత్రం వస్తాడు” అని పక్కింటివాళ్ళే చెప్తారు. సర్వర్ అలా కాదు. అది ఎక్కడో ఉంటుంది. పని చేయకపోతే ఎందుకు చేయట్లేదో చెప్పే పక్కిల్లు ఉండదు. కాబట్టి సర్వర్ తన సంగతి తానే రాసిపెట్టుకోవాలి.

అసలు సర్వర్‌కి ఏమవుతుంది? ఒక టిఫిన్ సెంటర్‌తో పోల్చుకుంటే సులువు. పెనం ఉంది, అది సీపీయూ. వంటమాస్టర్ పక్కన పిండి, చట్నీ పెట్టుకునే బల్ల ఉంది, అది మెమరీ. వెనకాల స్టోర్ రూమ్ ఉంది, అది డిస్క్. ముందు పార్సిల్ కౌంటర్ ఉంది, అది నెట్‌వర్క్. దోశ లేట్ అయిందంటే ఈ నాలుగింటిలో ఎక్కడో ఇరుక్కుంది. పెనం ఖాళీ లేదేమో. బల్ల మీద చోటు చాలక మాస్టర్ ప్రతిసారీ స్టోర్ రూమ్‌కి పరిగెత్తి వస్తున్నాడేమో. స్టోర్ రూమ్ తలుపు దగ్గరే ఇద్దరు అడ్డం పడ్డారేమో. లేదా దోశలు రెడీగా ఉండి, కౌంటర్ దగ్గరే గుంపు ఆగిపోయిందేమో. బయట టేబుల్ దగ్గర కూర్చున్న మనకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. “దోశ రాలేదు”, అంతే. “సర్వర్ డౌన్” కూడా అలాంటి మాటే. ఏ జబ్బో ఆ మాటను బట్టి తెలీదు.

ఇంకో కష్టం ఏంటంటే, ఈ జబ్బు మనం చూడ్డానికి వెళ్ళేసరికి ఉండదు. ఇంట్లో పన్ను నొప్పి, డాక్టర్ దగ్గరికి పోగానే తగ్గినట్టు. ఇంజనీర్‌కి ఫోన్ వెళ్ళి, ఆయన లాగిన్ అయ్యేసరికి జనం విసిగి వెళ్ళిపోయి ఉంటారు. లోడ్ తగ్గిపోయి ఉంటుంది. ఆయన చూసి “ఇక్కడ అంతా బాగానే ఉందే” అంటాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదు. ఆ నిమిషంలో అంతా బాగానే ఉంది మరి.

ఈ సమస్య కొత్తది కాదు. ఇప్పుడు 1973కి వెళ్దాం. అప్పటికి ఇంటర్నెట్ ఇంకా పుట్టలేదు. దాని ముందు తరం అర్పానెట్ అని అమెరికాలో ఉండేది. ఒక్క కంప్యూటర్‌ని చాలామంది పంచుకుని వాడేవాళ్ళు. టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్లు కొన్ని ఆ నెట్‌వర్క్‌లో ఉన్నాయి. పొద్దున లాగిన్ అయితే ఒక్కోసారి నత్తనడక, ఒక్కోసారి గుర్రం. ఎప్పుడు ఎలా ఉంటుందో వాడేవాళ్ళకి అంతుబట్టేది కాదు.

అప్పుడు బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్, పొట్టిగా బీబీఎన్ అనే కంపెనీలో థామస్ అనే ఆయన ఒక చిన్న పత్రం విడుదల చేశాడు. ఆర్ఎఫ్‌సీ 546. 1973 జులై నెలలో టెనెక్స్ కంప్యూటర్ల మీద గంటగంటకీ సగటున ఎంత లోడ్ ఉందో చూపించే పత్రం అది. “లోడ్ యావరేజ్” అనే మాట అందులో ఉంది. ఇప్పటికీ లైనక్స్ సర్వర్లో ఏ ఇంజనీర్ అయినా మొట్టమొదట చూసేది ఆ అంకెనే. ఆ పత్రంలో దాని అర్థం కూడా చెప్పారు. మన టిఫిన్ సెంటర్ భాషలో చెప్పాలంటే, పెనం మీద ఉన్న దోశలు, లైన్లో ఉన్న దోశలు కలిపి ఎన్ని అని. ఒకటే పెనం ఉండి, గంట సేపు లోడ్ సగటున పది ఉంటే, ఏ క్షణంలో చూసినా ఒకటి కాలుతోంది, తొమ్మిది ఎదురుచూస్తున్నాయి.

యాభై ఏళ్ల కిందటి ఆ పత్రంలో నాకు నచ్చింది ఏంటంటే, “కంప్యూటర్ స్లో” అనే ఫిర్యాదు అందులో “ఫలానా కంప్యూటర్, ఫలానా గంట, ఇంత లోడ్” అనే లెక్కగా మారింది. ఫిర్యాదుతో వాదించొచ్చు. అంకెలు ముందర పెడితే వాదన వేరే దారి పడుతుంది.

తర్వాతి మెట్టు. గంటగంటకీ మనిషి కూర్చుని రాయలేడు కదా. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లో “క్రాన్” అనే ఒక ప్రోగ్రామ్ ఉంది. దాని పని గుడి గంట కొట్టే మనిషి లాంటిది. ఫలానా టైముకు ఫలానా పని చెయ్ అని ఒక లైన్ రాసిపెడితే, మనం నిద్రపోయినా అది చేస్తుంది. తర్వాత 1980లలో ఏటీ అండ్ టీ కంపెనీ సిస్టమ్ ఫైవ్ యూనిక్స్‌తో పాటు “సార్” అనే కమాండ్ అందరికీ చేరింది. ఆఫీసులో సార్ కాదు. సిస్టమ్ యాక్టివిటీ రిపోర్టర్ అనే పేరులోని మొదటి అక్షరాలు. క్రాన్ గంట కొట్టగానే ఒక చిన్న ప్రోగ్రామ్ లేచి, సీపీయూ ఎంత వాడుకలో ఉంది, మెమరీ ఎంత మిగిలింది, డిస్క్ ఎంత బిజీగా ఉంది అని రాసి మళ్ళీ పడుకుంటుంది. రోజుకో ఫైలు, తేదీ పేరుతో. మర్నాడు “నిన్న పదకొండుంబావుకి ఏమైంది?” అని సార్‌ని అడిగితే ఫైలు తీసి చూపిస్తుంది.

ఇది ఎలా లెక్కేస్తుందో తెలుసుకోవాలి, ఎందుకంటే మీ ఇంటి ముందరే దీనికి ఉదాహరణ ఉంది. కరెంట్ మీటర్. మీటర్ మీద 4,312 అని ఉంది. ఆ అంకె ఒక్కటి చూసి ఈ నెల ఎంత కాలిందో చెప్పగలరా? చెప్పలేరు. పోయిన నెల రీడింగ్ 4,200 అని తెలిస్తే, ఓహో, 112 యూనిట్లు అని తెలుస్తుంది. సర్వర్ లోపల కూడా ఇలాంటి మీటర్లే ఉంటాయి. ఆన్ చేసినప్పటి నుంచి సీపీయూ ఎంతసేపు పని చేసింది, ఎంతసేపు ఖాళీగా ఉంది, డిస్క్ నుంచి ఎంత చదివారు, ఇవన్నీ సున్నా నుంచి పెరుగుతూ పోతాయి. ఒక్క రీడింగ్ వల్ల లాభం తక్కువ. రెండు రీడింగులు, వాటి మధ్య తేడా, అదే అసలు సమాచారం. అందుకే దీన్ని క్రమం తప్పకుండా తియ్యాలి. రెండు నెలలు రీడింగ్ తీయకపోతే ఏ నెలలో ఎంత కాలిందో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు ఈ చరిత్రలో నన్ను ఆపేసిన చిన్న విషయం ఒకటి చెప్తా. సన్ కంపెనీ వాళ్ళ సోలారిస్ అనే యూనిక్స్ ఒకప్పుడు పెద్ద పెద్ద సంస్థల్లో ఉండేది. అందులో సార్ కోసం క్రాన్ లైన్లు ముందే రాసి ఉంచేవాళ్ళు. గంటకోసారి, ఆఫీసు వేళల్లో ఇరవై నిమిషాలకోసారి అని. కానీ ప్రతి లైన్ ముందర ఒక హ్యాష్ గుర్తు ఉండేది. హ్యాష్ ఉందంటే ఆ లైన్ పని చేయదు. అంటే పుస్తకం ఉంది, పెన్ను ఉంది, రాసే మనిషి ఉన్నాడు, కానీ “రాయి” అని చెప్పే వరకు రాయడు. ఆ హ్యాష్ తీసేయడానికి పట్టే టైమ్ పది సెకన్లు. అయితే ఆ పది సెకన్లు ఎప్పుడు పెట్టాలి? అంతా సవ్యంగా ఉన్న రోజునే. సర్వర్ కూలిపోయాక తీస్తే, అప్పటి నుంచే లెక్క మొదలవుతుంది. కూలిపోయిన గంట లెక్క మాత్రం రాదు.

లైనక్స్ వచ్చాక ఫ్రాన్స్‌కి చెందిన సెబాస్టియన్ గొడార్డ్ అనే ఆయన ఇదే పనిని చేసే “సిస్‌స్టాట్” అనే ఉచిత ప్యాకేజీ రాశాడు. మామూలుగా పది నిమిషాలకోసారి లెక్క రాస్తుంది. డెబియన్, ఉబుంటు లైనక్స్‌లలో ఏళ్ల తరబడి అదే పాత కథ. ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసినా, ఒక ఫైల్లో “ఫాల్స్” అని ఉన్న మాటను “ట్రూ” అని మార్చేదాకా ఒక్క అక్షరం కూడా రాసేది కాదు.

ఇక్కడ నా సొంత భాగోతం ఒకటి చెప్పాలి. మీరు చదువుతున్న ఈ ట్రాన్స్‌క్రిప్ట్‌ల కోసం నేను ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకున్నా. కొన్నాళ్లకు ఒకరిద్దరు మెసేజ్ పెట్టారు, “అన్నా, పొద్దున పేజీ తెరుచుకోవట్లేదు” అని. నేను చూసేసరికి బాగానే ఉండేది. “మీ నెట్ ప్రాబ్లమ్ తమ్ముడూ” అని జవాబిచ్చా. తప్పు నాది, నింద వాళ్ళ సిమ్ కార్డు మీద. మళ్ళీ మళ్ళీ మెసేజ్‌లు రావడంతో సిస్‌స్టాట్ ఇన్‌స్టాల్ చేశా. నాలుగు రోజుల తర్వాత గొప్పగా లెక్క తీద్దామని చూస్తే ఫైళ్ళే లేవు. ఫాల్స్‌ని ట్రూ చేయడం మర్చిపోయా.

సరే, మార్చి ఇంకో వారం ఆగా. ఈసారి లెక్క వచ్చింది. ప్రతిరోజూ మూడున్నర నుంచి దాదాపు ఇరవై నిమిషాలు డిస్క్ ఊపిరాడకుండా ఉంది. సీపీయూ మాత్రం దాదాపు ఖాళీ. డిస్క్ కోసం ఎదురుచూపే ఎక్కువ. అది నేను పెట్టిన బ్యాకప్ టైమ్. తెల్లవారుజామున మూడున్నరకు ఎవరు చదువుతారులే అని నేనే పెట్టా. కాబట్టి సమస్య అది కాదనుకుని రెండు రోజులు వేరే చోట వెతికా. తర్వాత తలకెక్కింది. ఆ సర్వర్ గడియారం మన టైమ్‌లో లేదు, యూటీసీలో ఉంది. మనం ఐదున్నర గంటలు ముందుంటాం. అక్కడ మూడున్నర అంటే ఇక్కడ పొద్దున తొమ్మిది. కాలేజీ బస్సులో కూర్చుని మీరు ఫోన్ తెరిచే టైమ్! బ్యాకప్ టైమ్ మార్చగానే మెసేజ్‌లు ఆగిపోయాయి.

ఈ కథలో నేను నేర్చుకున్నవి రెండు. ఒకటి, లెక్క లేనప్పుడు మనం వాడేవాళ్ళదే తప్పు అంటాం. రెండు, లెక్క ఉన్నా అది ఏ గడియారంతో రాసిందో తెలియకపోతే ముఖం ముందరే ఉన్న దొంగ కనపడడు.

సీపీయూ ఖాళీగా ఉన్నా సర్వర్ స్లోగా ఉండొచ్చు అన్నా కదా. దీనికీ ఒక చరిత్ర ఉంది. టెనెక్స్ లోడ్ యావరేజ్‌లో పెనం కోసం ఎదురుచూసేవాళ్ళనే లెక్కపెట్టేవాళ్ళు. 1993లో లైనక్స్‌లో ఒక మార్పు చేశారు. పెనం కోసం చూసేవాళ్ళతో పాటు, స్టోర్ రూమ్ నుంచి సరుకు రావాలని చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళని కూడా కలిపారు. అంటే డిస్క్ కోసం ఆగిన పనులు. 2017లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీర్ పాత మెయిళ్ళన్నీ తవ్వి, ఆ మార్పు ఎవరు ఎందుకు చేశారో బయటపెట్టాడు. అందుకే లైనక్స్‌లో లోడ్ యావరేజ్ పెద్దగా ఉంటే “సీపీయూ చాలట్లేదు, పెద్ద సర్వర్ కొనండి” అని వెంటనే అనేయకూడదు. పక్కన డిస్క్ లెక్క, మెమరీ లెక్క కూడా చూడాలి. జ్వరం ఉందంటే ఏదో జబ్బు ఉందని అర్థం. ఏ జబ్బో థర్మామీటర్ చెప్పదు.

ఇంకో ఇబ్బంది. పది నిమిషాలకోసారి రాసుకుంటూ పోతే ఫైళ్ళు పెరిగిపోవా? చివరికి లెక్కల పుస్తకమే ఇల్లంతా నింపేస్తే? దీనికి మంచి జవాబు చెప్పింది టోబియాస్ ఓటికర్ అనే స్విస్ కుర్రాడు. 1994లో ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీలో పని చేస్తున్నాడు. క్యాంపస్ మొత్తానికీ బయటి ప్రపంచంతో ఒకే ఒక్క లైన్, 64 కిలోబిట్లు. ఇవాళ మీ ఫోన్లో డేటా అయిపోయాక వచ్చే నత్తనడక స్పీడు ఉంటుంది చూడండి, దాదాపు అంతే. దాన్ని ఎవరెంత వాడుతున్నారో అందరికీ ఆరాటం. అతను ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాడు. ఐదు నిమిషాలకోసారి లెక్క తీసి గ్రాఫ్ గీసి వెబ్ పేజీలో పెడుతుంది. 1995లో దాన్ని ఎంఆర్‌టీజీ పేరుతో అందరికీ ఇచ్చేశాడు. ప్రపంచమంతా వాడింది.

అందులో తెలివి ఏంటంటే, మర్చిపోవడం కూడా నేర్పాడు. ఈ రోజుది ఐదు నిమిషాల లెక్క. వారానికి అరగంట సగటు. నెలకు రెండు గంటల సగటు. ఏడాదికి రోజు సగటు. మన నాయనమ్మ జ్ఞాపకం లాగా అన్నమాట. నిన్న ఏం వండిందో పూటపూటా చెప్తుంది. పోయిన నెలది వారాల లెక్కన చెప్తుంది. ఇరవై ఏళ్ల కిందటిదైతే “ఆ ఏడు వానలు లేవు” అని ఒక్క మాట. ఫైలు సైజు ఎప్పటికీ పెరగదు. 1999లో ఇదే ఆలోచనతో ఆర్ఆర్‌డీటూల్ అని ఇంకో పనిముట్టు ఇచ్చాడు.

ఇప్పుడు ఇవన్నీ తెలిసిన కాలంలో, డబ్బుకు లోటు లేని దేశంలో జరిగిన సంగతి చెప్తా. 2013 అక్టోబర్ 1. అమెరికాలో ఒబామా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్ మొదలుపెట్టింది. లక్షల మంది ఒకేసారి వచ్చిపడ్డారు. సైట్ నేలకూలింది. మొదటి రోజు చివరిదాకా పూర్తి చేసి బీమా ఎంచుకోగలిగినవాళ్ళు ఎంతమందో తెలుసా? ఆరుగురు. ఆరు వేలు కాదు, ఆరుగురే.

రిపేర్ కోసం బయటి నుంచి కొంతమంది ఇంజనీర్లను పిలిచారు. వాళ్ళలో గూగుల్‌లో పని చేసిన మైకీ డికర్సన్ ఒకడు. వాళ్ళు వెళ్ళి చూస్తే, సైట్ మొత్తం ఎలా ఉందో ఒక్కచోట చూపించే డ్యాష్‌బోర్డే లేదు. ఏ భాగం ఎంత లోడ్‌లో ఉంది, ఎక్కడ తప్పులు వస్తున్నాయి అన్న అంకెలు ఎవరి ముందరా లేవు. పదుల సంఖ్యలో కాంట్రాక్టర్లు. ఒకరిని అడిగితే “మా దగ్గర బాగానే ఉంది, పక్కవాళ్ళని అడగండి” అనేవాళ్ళు. మన కౌంటర్ దగ్గర వినే మాటకీ దీనికీ ఏమైనా తేడా ఉందా? వచ్చినవాళ్ళు మొదట చేసిన పనుల్లో ఒకటి ఆ డ్యాష్‌బోర్డ్ పెట్టడం. తర్వాతే రిపేర్లు. డిసెంబర్ 1న ప్రభుత్వం రిపోర్ట్ ఇచ్చింది. నవంబర్ మొదట్లో సైట్ సరిగ్గా నడిచిన టైమ్ 42.9 శాతం ఉండేది, 95 శాతం దాటింది. పేజీ రావడానికి ఎనిమిది సెకన్లు పట్టేది, ఒక సెకన్ లోపుకి వచ్చింది.

డ్యాష్‌బోర్డ్ పెట్టగానే సైట్ బాగైపోలేదు, పొరబడకండి. 400కు పైగా తప్పులు సరిచేశారు, కొత్త సర్వర్లు పెట్టారు. కానీ ఏది ముందు సరిచేయాలో అంకెలే చూపించాయి. అంతకన్నా ముఖ్యం, “మాది కాదు, పక్కవాళ్ళది” అనే ఆట ఆగిపోయింది. గోడ మీద గ్రాఫ్ ఉన్నప్పుడు ఎవరిదో అందరికీ కనిపిస్తుంది.

ఈ లెక్కలతో అన్నీ తేలిపోతాయా? లేదు. పది నిమిషాల సగటులో ఒక మోసం ఉంది. పది నిమిషాల్లో ఒక్క ఇరవై సెకన్లు సర్వర్ పూర్తిగా ఇరుక్కుపోయి, మిగతా టైమ్ ఖాళీగా ఉందనుకోండి. సగటు చూస్తే ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ ఇరవై సెకన్లలో వేలు పెట్టిన మనిషికి మాత్రం పని కాలేదు. అందుకే కొత్త తరం పనిముట్లు ఇంకా దగ్గరదగ్గరగా కొలుస్తాయి. 2012లో సౌండ్‌క్లౌడ్ అనే సంగీత కంపెనీలో ప్రొమీథియస్ అనే పనిముట్టు పుట్టింది. గూగుల్ లోపల వాడే బోర్గ్‌మాన్ చూసినవాళ్ళు, అదే పద్ధతిలో బయట రాసుకున్నారు. చాలామంది దాన్ని పదిహేను సెకన్లకోసారి కొలిచేలా పెట్టుకుంటారు. దగ్గరగా కొలిస్తే ఎక్కువ తెలుస్తుంది, ఎక్కువ చోటు కూడా కావాలి. ఎంత దూరంలో కొలవాలి అన్నది, మీ జబ్బు ఎంతసేపు ఉంటుంది అన్నదాన్ని బట్టి.

మీ జేబులో కూడా ఈ లెక్కల పుస్తకం ఉంది తెలుసా? ఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీలోకి వెళ్ళండి. ఏ యాప్ ఎంత బ్యాటరీ తిన్నదో కనిపిస్తుంది. మీరు అడగకముందే ఫోన్ రాసి పెట్టుకుంది. “ఫోన్ పాతబడింది, కొత్తది కొనాలి” అని ఇంట్లో గొడవ పెట్టుకునే ముందు, ఒక్కసారి ఆ పేజీ తెరవండి. చాలాసార్లు దోషి ఒక్క యాప్.

రేపు మీలో ఎవరో ఒకరు మదనపల్లె టమోటా మార్కెట్ రేట్లు చూపించే యాప్ చేయొచ్చు. కాలేజీ రిజల్ట్స్ సైట్ నడపొచ్చు. ప్రభుత్వ ప్రాజెక్టులోనే ఉద్యోగం చేయొచ్చు. సర్వర్ పెట్టిన మొదటి రోజే, ఎవరూ వాడకముందే, లెక్క రాయడం మొదలుపెట్టండి. సిస్‌స్టాట్ చాలు, పైసా ఖర్చు లేదు. మర్నాడు ఫైలు నిజంగా తయారైందో లేదో చూడండి, నాలాగా నాలుగు రోజులు ఆగకండి. గడియారం ఏ టైమ్‌లో ఉందో చూసుకోండి. మంచి రోజుల లెక్క ఉంటేనే, చెడ్డ రోజు ఏది తేడాగా ఉందో తెలుస్తుంది. నలభై శాతం సీపీయూ ఎక్కువా తక్కువా? పోయిన నెల మామూలుగా ఎంత ఉండేదో తెలిస్తేనే చెప్పగలం.

లైన్లో నిలబడ్డప్పుడు కూడా మనం చేయగలిగింది ఒకటుంది. “సర్వర్ డౌన్” అంటే టైమ్ చూసి ఫోన్లో రాసుకోండి. తేదీ, టైమ్, స్క్రీన్ మీద వచ్చిన మాట. ఫిర్యాదు చేసేటప్పుడు “ఎప్పుడూ పని చేయదు సార్” అంటే ఎవరూ ఏమీ చేయలేరు. “సోమవారం పదకొండూ ఇరవైకి ఆగింది, మంగళవారం కూడా అదే టైమ్‌కి ఆగింది” అంటే, అటువైపు లెక్క రాసే మనిషి ఉంటే, ఆ పుట తీసి చూడగలడు. అటువైపు లెక్కే లేకపోతే, ఎందుకు లేదు అన్నది న్యాయమైన ప్రశ్న. కరణాన్ని అడంగల్ ఏదని అడిగిన ఊళ్ళు ఇవి. సర్వర్‌ని అడగడానికి మొహమాటం ఎందుకు?

మన పెద్దాయన పోగొట్టుకున్న ఆ రోజు కూలి ఈ లెక్కల వల్ల వెనక్కి రాదు. కానీ వచ్చే నెల ఆయన వేలు పెట్టే టైమ్‌కి ఎవరో బ్యాకప్ నడపకుండా ఉంటారు. నాకు తెలిసి, ఈ పది నిమిషాల లెక్క పుట్టింది అందుకే.

ఈ రోజుకి ఇంతే ఫ్రెండ్స్. మీ ఊళ్ళో “సర్వర్ డౌన్” అని ఏ రోజు, ఏ టైమ్‌కి విన్నారో కామెంట్‌లో రాయండి. టైమ్ మాత్రం మర్చిపోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.